కారు సైలెన్సర్ మారుస్తున్నారా? ఇంటిల్లిపాది ఊపిరిని గుర్తుంచుకోండి

ఆరోగ్య పత్రికలో కారు సైలెన్సర్ గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో జరిగిన సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

మాది పాత మారుతి 800. ఒక వర్షాకాలంలో ప్రతి ఆదివారం పల్లెలోని గుడికి కారులో వెళ్ళేవాళ్ళం. ముప్పావు గంట ప్రయాణం. వాన వల్ల అద్దాలన్నీ మూసి ఉంచేవాళ్ళం. వెనుక సీట్లో కూర్చునే మా చిన్నపాపకు ప్రతిసారీ తలనొప్పి, వికారం. పిల్లకు కారు ప్రయాణం పడదేమోనని నిమ్మకాయ వాసన చూపించి తీసుకువెళ్ళేవాళ్ళం. ఆరాధన ముగిసేసరికి తేరుకునేది. నాలుగో వారం పాప పక్కన కూర్చున్న మా అమ్మకు కూడా తల తిరిగింది. అప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. మెకానిక్ కారును పైకి లేపి చూస్తే సైలెన్సర్ అతుకు దగ్గర బొటనవేలు పట్టేంత చిల్లు ఉంది. డిక్కీ తలుపు రబ్బరు కూడా ఎండి పగిలిపోయింది. రెండేళ్ళ కిందట చవకగా వస్తుందని నేనే పట్టుబట్టి వేయించిన సైలెన్సర్ అది. రోజూ రోగుల తలనొప్పికి కారణం వెదికే వైద్యుణ్ణి, నా బిడ్డ విషయంలో నెల రోజులు పొరబడ్డాను.

పొగలో ఉన్న ప్రమాదం

పెట్రోలు పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. దానితో రక్తం పారుతున్నా మెదడుకు, గుండెకు అందవలసిన ప్రాణవాయువు అందదు. మామూలు గాలి పీలుస్తుంటే అందులో సగం బయటికి పోవడానికే 4 నుండి 5 గంటలు పడుతుంది. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, చిన్నపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ.

ఇంకొక సంగతి. కరోనా రోజుల్లో చాలామంది కొనుక్కున్న, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని పట్టుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కగడుతుంది. అంకె 98 చూపించిందని ధైర్యపడకండి.

సైలెన్సర్ ఎందుకు పాడవుతుంది?

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు అంతే నీరు ఆవిరిగా పుడుతుంది. దూర ప్రయాణాల్లో గొట్టం బాగా వేడెక్కి ఆ తేమ బయటికి పోతుంది. ఇంటి నుండి బజారుకు, బజారు నుండి ఇంటికి మాత్రమే తిరిగే కార్లలో ఆ నీరు సైలెన్సర్ లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలి బయటి నుండి తినేస్తుంది. అందుకే పైకి బాగున్నట్లు కనిపించే సైలెన్సర్ లోపల డొల్లగా ఉండవచ్చు.

కొనేముందు చూడవలసినవి

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అటువంటి పాత కార్లున్న చాలామంది బయటి కంపెనీల సామాను మీదే ఆధారపడతారు. బయటి సామానంతా చెడ్డదని కాదు. ఎంచుకోవడం తెలియాలి.

1. ముందు నిజంగా మార్చాలో లేదో తెలుసుకోండి. కొన్నిసార్లు గాస్కెట్ గాని, క్లాంపు గాని పాడై ఉంటుంది. చల్లని ఇంజను స్టార్ట్ చేయించి అతుకుల మీద సబ్బునీళ్ళు పోయిస్తే కారే చోట బుడగలు వస్తాయి. ఈ పని ఆరుబయటే చేయించండి.

2. మీ కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి, దానికే చేసిన సైలెన్సర్ అడగండి. "అన్నిటికీ సరిపోతుంది" అనేదానిని కోసి, వెల్డింగ్ పెట్టి అతికించవలసి వస్తుంది. అతుకులు ఎన్ని ఎక్కువైతే చిల్లులు పడే చోట్లు అన్ని ఎక్కువ.

3. చేతిలో పట్టుకుని పాతదానితో పోల్చండి. మరీ తేలికగా ఉంటే రేకు పలచనిదై ఉండవచ్చు. ఊపి చూడండి, లోపల ఏదీ గలగలలాడకూడదు. వెల్డింగ్ గీత ఎక్కడా తెగకుండా ఉండాలి.

4. లోహం అడగండి. మామూలు ఇనుప రేకు చవక, కాని త్వరగా తుప్పు పడుతుంది. అల్యూమినియం పూత ఉన్నది మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదైనా ఎక్కువ కాలం వస్తుంది. సముద్రతీరంలో ఉండేవారికి చివరికి అదే చవక.

5. గొట్టం లావు పాతదంతే ఉండాలి. లావు గొట్టం వేస్తే కారు పరుగెడుతుందనేది అపోహ. 796 సీసీ వంటి చిన్న ఇంజనుకు దాని వల్ల శబ్దం పెరగడమే గాని ఒరిగేదేమీ లేదు.

6. వెనుక గొట్టం చివర కారు అంచు దాటి బయటికి రావాలి. లోపలే ఆగిపోతే పొగ కారు కిందే చేరి, డిక్కీ సందుల్లోంచి వెనుక సీటుకు వస్తుంది.

బిగించేటప్పుడు

గాస్కెట్లు, క్లాంపులు, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు కొత్తవే వేయించండి. గొట్టం బ్రేకు పైపులకు, పెట్రోలు ట్యాంకుకు తగలకుండా దూరంగా ఉండాలి. "క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేద్దాం సార్, మైలేజీ వస్తుంది" అని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. అందులో ఉండే ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలే విషవాయువును చాలా వరకు తక్కువ హాని గల వాయువుగా మారుస్తాయి. దానిని తీసేయడం చట్టవిరుద్ధం కూడా.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని కూడా నిశ్చింతగా ఉండకండి. ఆ పరీక్ష గొట్టం చివర వచ్చే పొగను కొలుస్తుంది. మధ్యలో చిల్లుపడి సీటు కిందికి వచ్చే పొగ సంగతి అది చెప్పదు.

పెద్ద శబ్దం మోజు

మన యువకుల్లో కొందరు శబ్దం కోసమే సైలెన్సర్ మారుస్తున్నారు. తమ్ముళ్ళారా, ఒక్కమాట. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వింటే చెవులకు హాని. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. చెవి లోపల దెబ్బతిన్న సన్నని వెంట్రుకల వంటి కణాలు తిరిగి పుట్టవు.

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు పడవచ్చు. చట్టం మాట అలా ఉంచండి. మన వార్డులో ఆపరేషన్ అయి అప్పుడే కునుకు పట్టిన రోగి, అద్దాల పెట్టెలో ఉన్న నెలలు నిండని పసికందు మీ బండి శబ్దానికి ఉలిక్కిపడతారు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయకండి

కారులో ఉన్నవారిలో ఒకరికంటే ఎక్కువమందికి తలనొప్పి, వికారం, తల తిరగడం, మత్తు, తికమక. దిగి గాలి పీలిస్తే కొంత తేరుకోవడం. ఇవే గుర్తులు. వెంటనే బండి ఆపి, ఇంజను కట్టేసి, అందరినీ బయటికి దించండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గర్భిణి ఉన్నా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి. "కారు పొగ పీల్చాము" అని డాక్టరుకు తప్పక చెప్పండి. మాస్కుతో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే విషం చాలా త్వరగా దిగుతుంది. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచడం, ఏసీ వేసుకుని ఆగివున్న కారులో నిద్రపోవడం ఎప్పుడూ చేయకండి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు తన ప్రజలకు ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చాడు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడ మీద నుండి ఎవరూ పడిపోకుండా పిట్టగోడ కట్టాలని. ఇల్లు మనదే, కాని అందులోకి వచ్చేవారి ప్రాణం మన బాధ్యత. కారూ అంతే. ఆనాడు చవక సైలెన్సర్ వేయించినప్పుడు నేను పిట్టగోడ లేని మేడ కట్టాను. దేవుని కృప వలన మా పాప క్షేమంగా ఉంది. మీరు వచ్చే ఆదివారం గుడికి బయలుదేరేలోగా ఒక్కసారి మెకానిక్‌తో మీ కారు కింద చూపించండి.