తాడు, స్కేలు, నోటుబుక్కు: మన పిల్లల జీవశాస్త్ర ప్రయోగశాల



పోయిన ఏడాది వార్షిక సమావేశం అయ్యాక భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు అడిగారు. “మాస్టర్ సాబ్, సైన్సు ల్యాబుకని ఇచ్చిన డబ్బుతో మైక్రోస్కోపులు కొంటారనుకున్నాం. మీరేమో నైలాను తాడు, స్కేళ్లు, గ్రాఫు కాగితాలు కొన్నారు. పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లి మొక్కలు లెక్కపెట్టిస్తున్నారట. ఇది ల్యాబా?” ఇది మొదటిది. రెండోది కాస్త గొంతు తగ్గించి అడిగారు: “పరిణామం కూడా చెబుతున్నారట. మన పిల్లలకు అది అవసరమా?”

రెండూ న్యాయమైన ప్రశ్నలే. చేతిలో పళ్లెం పట్టుకుని నిలబడి జవాబు చెప్పగలిగినవి కావు. అందుకే ఈ సావనీర్‌లో రాస్తున్నాను.

చెరిపేసిన పదకొండు

మన దగ్గర చాలాచోట్ల ప్రాక్టికల్ అంటే రికార్డు నింపడమే. పై తరగతి వాళ్ల రికార్డు తెచ్చుకుని, బొమ్మలు దింపి, ‘ఫలితం’ అన్నచోట వాళ్లు రాసిందే రాస్తారు. మార్కులు వస్తాయి. ప్రయోగం మాత్రం జరగదు.

మొదటిసారి మేము శామీర్‌పేట పెద్ద చెరువు పక్కకు వెళ్లినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తాడు చదరంలో వయ్యారిభామ మొక్కలు లెక్కపెట్టి నా దగ్గరికొచ్చింది. “సార్, ఎన్ని రావాలి?” అంది. “నీకెన్ని వచ్చాయి?” అన్నాను. “పదకొండు. కానీ ఎన్ని రావాలి?” అని మళ్లీ అడిగింది. పక్క గుంపుకు మూడే వచ్చాయని తెలిసి, నేను చూస్తుండగానే తన పదకొండును రబ్బరుతో చెరిపి నాలుగు చేసింది.

ఆ పిల్ల అబద్ధాలాడే పిల్ల కాదు. తన కళ్లతో చూసినదానికన్నా ఎవరో ముందే రాసిపెట్టిన జవాబుకే విలువ ఎక్కువని మనమే నేర్పాం. ఆ రోజు నుంచి మా పుస్తకాల్లో పెన్సిలు లేదు, రబ్బరు లేదు. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాయాలి. పాతది కనిపిస్తూనే ఉండాలి. మన సొసైటీ ఖజాంచీ గారు జకాత్ లెక్కల పుస్తకం రాసేది కూడా అలాగే కదా. మీరిచ్చిన రూపాయి ఎంత అమానతో, పిల్ల చూసిన అంకె కూడా అంతే అమానతు.

తాడు చదరంతో పర్యావరణం

ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు వచ్చేలా తాడుతో చదరం కడతాం. గట్టు మొత్తం మీద ఉన్న మొక్కల్ని ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకని కొన్ని చదరాల్లో లెక్కపెట్టి మిగతాది అంచనా వేస్తాం. చదరం ఎక్కడ వేయాలో మాత్రం మనం ఎంచుకోకూడదు. ఎంచుకోమంటే పిల్లలు మొక్కలు దట్టంగా ఉన్నచోటే వేస్తారు, లేదా బురద లేనిచోట వేస్తారు. అందుకే చీటీలు తీస్తాం. చీటీలో వచ్చిన అంకెను బట్టి అన్ని అడుగులు నడిచి, ఆగినచోట చదరం పరుస్తారు.

ఉదాహరణకు పది చదరాల్లో వయ్యారిభామ మొక్కలు ఇలా వచ్చాయనుకుందాం: 2, 0, 11, 3, 1, 0, 4, 9, 0, 2. మొత్తం 32, సగటు 3.2. ఇక్కడితో ఆగితే చదరానికి మూడు మొక్కలున్నాయని రాసి ఇంటికి పోవచ్చు. కానీ అంకెల్ని చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసగా పెడితే మధ్యలో వచ్చేది 2. మూడు చదరాల్లో అసలు ఏమీ లేదు. సగటును పైకి లాగినవి 11, 9 అన్న రెండు చదరాలే. ఆ రెండూ ఎక్కడున్నాయని అడగాలి. బండ్లు తిరిగి, మట్టి తవ్విపోసినచోట అని తేలితే అప్పుడు పాఠం మొదలైనట్టు. వయ్యారిభామ బయటి దేశం నుంచి వచ్చిన మొక్క. కదిలించిన నేలలో తొందరగా పాతుకుంటుంది.

సగటు ఎంత మోసం చేస్తుందో దాతలకు నేను చెప్పనక్కర్లేదు. ఒక గల్లీలో తొమ్మిది ఇళ్లకు నెలకు 10,000 రూపాయలు, ఒక ఇంటికి 2 లక్షలు వస్తాయనుకోండి. సగటు 29,000. ఆ అంకె చూసి ఈ గల్లీలో సాయం అవసరమైన వాళ్లు లేరని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా? 29,000 వచ్చే ఇల్లు ఆ గల్లీలో ఒక్కటీ లేదు. పదిహేనేళ్ల పిల్ల ఈ తేడా పట్టుకోగలిగితే, రేపు పేపర్లో వచ్చే ఏ లెక్కనైనా అడిగి చూడగలదు.

చెరువులో చేపలెన్ని అన్నది ఇంకో ప్రశ్న. దీన్ని తరగతిలో డబ్బాడు రాజ్మా గింజలతో చేస్తాం. 40 గింజలు తీసి, సిరా చుక్క పెట్టి, తిరిగి డబ్బాలో వేసి బాగా కలుపుతారు. మళ్లీ 50 గింజలు తీస్తే వాటిలో చుక్క ఉన్నవి 5 వచ్చాయనుకుందాం. అంటే పదింట ఒకటి. కనుక మొత్తంలో పదింట ఒకటి మనం చుక్క పెట్టినవే అయివుండాలి. 40కి పది రెట్లు, 400. తర్వాత డబ్బా బోర్లించి నిజంగా లెక్కపెడతారు. అంచనాకూ అసలుకూ దాదాపు ఎప్పుడూ ఎంతో కొంత తేడా వస్తుంది. ఎందుకు వచ్చిందో రాయడమే ఆ రోజు పని. సరిగా కలవలేదా, చుక్క చెరిగిపోయిందా, తీసినవి మరీ తక్కువా? చెరువులోనైతే కొత్త చేపలు వచ్చి చేరడం, ఉన్నవి చావడం కూడా ఉంటాయి.

గడ్డిలో ఊలు దారాలు

ఇక పెద్దాయన గొంతు తగ్గించి అడిగిన విషయం.

అంగుళం పొడవున కత్తిరించిన ఊలు ముక్కలు 100 తీసుకుంటాం. 50 ఆకుపచ్చవి, 50 ఎర్రవి. గడ్డి మీద చల్లుతాం. నలుగురు పిల్లలు ‘పిట్టలు’. అర నిమిషంలో దొరికినన్ని ఏరాలి. గడ్డిలో ఎరుపు కంటికి తొందరగా ఆనుతుంది. 30 ఆకుపచ్చవి, 10 ఎర్రవి మిగిలాయనుకుందాం. మిగిలిన ప్రతి ముక్కకూ అదే రంగు ‘పిల్ల’ ఒకటి పుట్టిందని ఇంకో ముక్క కలుపుతాం. ఇప్పుడు 60 ఆకుపచ్చ, 20 ఎరుపు. సగం ఉన్న ఆకుపచ్చ ఒక్క తరంలో ముప్పాతిక అయింది. గమనించండి, ఏ దారమూ తన రంగు మార్చుకోలేదు. మారింది గుంపు. అదే ఆటను ఎర్రమట్టి మీద ఆడితే ఫలితం తిరగబడుతుంది. ఏ రంగూ దానంతటది గొప్పది కాదు, చోటును బట్టి.

ప్రకృతి వరణం అంటే ఇంతే. ఇందులో మూడు మాటలున్నాయి: గుంపులో తేడాలుండాలి, ఆ తేడాలు పిల్లలకు సంక్రమించాలి, వాటి వల్ల కొన్నింటికి బతికే అవకాశం ఎక్కువ కావాలి. 1859లో డార్విన్ పుస్తకం ఈ మూడింటినీ కలిపి చూపింది.

ఇది మనకెందుకంటారా? 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే, మన సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆయన పేరున్న భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. 1953లో మన దేశం మలేరియా మీద డీడీటీతో పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. 1960ల మధ్యకు కేసులు ఏడాదికి లక్ష దాకా దిగాయి. జబ్బు పోయిందనుకున్నారు. 1976 నాటికి అవి 64 లక్షలు దాటాయి. కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి మందుకు చావని దోమలు. దోమలేమీ డీడీటీని తట్టుకోవడం ‘నేర్చుకోలేదు’. తట్టుకోగలిగినవి మొదట్లోనే ఎక్కడో కొన్ని ఉన్నాయి. మిగతావి చచ్చాయి, అవి మిగిలాయి, వాటి పిల్లలతో గుంపు నిండింది. మా ఆటలో ఆకుపచ్చ దారాల్లాగే.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. జ్వరం వస్తే మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ గోళీలు వేసుకుంటాం. అవసరం ఉందో లేదో తెలియకుండా వాడిన ప్రతిసారీ మందుకు లొంగని సూక్ష్మజీవులకు చోటు ఖాళీ చేసి ఇస్తున్నాం. ఊలు దారాల ఆట ఆడిన పిల్లాడు ఇంటికెళ్లి “అబ్బా, డాక్టర్‌ను అడక్కుండా వేసుకోకు” అన్నాడంటే ల్యాబు ఖర్చు తిరిగొచ్చినట్టే.

నమ్మకం మాట

మనిషి పుట్టుక మాటేమిటని మీరు అడుగుతారు. దాచను. ఇంటర్ పుస్తకంలో అదీ ఉంది, నీట్ పరీక్షలో ప్రశ్నలూ వస్తాయి. పిల్లలకు శాస్త్రం ఏమి చెబుతుందో, ఏ ఆధారంతో చెబుతుందో చెబుతాను. ఈమాన్ గురించిన ప్రశ్నలకు జవాబు చెప్పే అర్హత జీవశాస్త్రం మాస్టారుకు లేదు. వాటిని ఇంట్లో పెద్దవాళ్లతో, ఉలమాతో మాట్లాడుకోమంటాను. ప్రశ్న అడగడానికి భయపడే పిల్లను మాత్రం తయారు చేయలేను.

మనవాళ్లకు ఈ చూపు కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో బస్రా నగరపు అల్ జాహిజ్ జంతువుల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఏ జీవి దేన్ని వేటాడుతుంది, దేనికి చిక్కుతుంది అన్నది గమనించాడు. ఆయన డార్విన్ కన్నా ముందే అంతా చెప్పేశాడని కొందరంటారు. అంత దూరం పోనక్కర్లేదు. శ్రద్ధగా చూశాడు, చూసింది రాశాడు. అది చాలు.

మన కాలానికి దగ్గరివాడు సలీం అలీ. జర్మనీలో చదువుకుని తిరిగొచ్చాక ఆయనకు ఉద్యోగం దొరకలేదు. బొంబాయి దగ్గర సముద్రపు ఒడ్డున కిహీం ఊళ్లో ఉంటూ 1930లో గిజిగాళ్ల గూళ్లను చూడడం మొదలుపెట్టాడు. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది, నచ్చితేనే గూడు పూర్తవుతుంది అని తేల్చాడు. ఆ తర్వాత కొద్దికాలానికే నిజాం రాజ్యంలోని పక్షుల్ని సర్వే చేశాడు. ఆ పనికి ముఖ్యంగా కావలసింది ఓపిక, నోటుబుక్కు.

మేడ్చల్, శామీర్‌పేట చెరువుల పక్క ఈతచెట్లకు, తుమ్మచెట్లకు వానాకాలంలో గిజిగాడి గూళ్లు వేలాడతాయి. మా పిల్లలు పూర్తయినవి ఎన్ని, సగంలో వదిలేసినవి ఎన్ని అని లెక్క రాస్తారు. ఆడపిట్ట ఎంపిక కూడా ఒక వరణమే అని అప్పుడు చెబుతాను.

మిగిలిన ఒక ప్రశ్న

ఒక చెట్టుకు ఎక్కువ గూళ్లు, ఇంకో చెట్టుకు తక్కువ వచ్చాయంటే అది నిజమైన తేడానా, కాకతాళీయమా? నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలు పడడం వింత కాదు. వెయ్యిసార్లలో ఏడు వందలు పడితే నాణెంలోనే ఏదో ఉంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే గణాంకశాస్త్రం. అందులో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సి.ఆర్. రావు గారు మన తెలుగువారే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. యువకుడిగా ఆయన కేంబ్రిడ్జిలో చేసిన పని సూడాన్‌లో తవ్వితీసిన పాత అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించడం. కొలతలు సరిగా రాసినవాళ్లు లేకపోతే ఆ విశ్లేషణే లేదు.

మనకు కూతవేటు దూరంలో తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాక్సిన్ అక్కడే తయారైంది. ఆ గేట్ల ముందు ఆటోలు నడిపేవాళ్ల పిల్లలు, లోపల ఊడ్చేవాళ్ల పిల్లలు మన దగ్గర చదువుతున్నారు. వాళ్లు ఆ గేటు దాటి లోపల పరిశోధకులుగా కూర్చోవాలంటే మొదట కావలసింది మైక్రోస్కోపు కాదు, చూసింది చూసినట్టు రాసే అలవాటు. మైక్రోస్కోపు కూడా కావాలి. అది తర్వాత.

ఈసారి నేను అడిగేది ఒక ఇనుప బీరువా, తాళంతో సహా. పిల్లల నోటుబుక్కులు ఏటా తూకానికి పోతున్నాయి. అవే చదరాలు, అవే చెట్లు అయిదారేళ్లు వరుసగా లెక్కపెట్టి దాచితే, మన చెరువు పక్క ఏది పెరుగుతోందో, ఏది తగ్గుతోందో చెప్పే పుస్తకం మన దగ్గరే ఉంటుంది.

ఆ పెద్దాయనకు, మీ అందరికీ నా మనవి: వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున గట్టు మీదికి రండి. చీటీ మీరే తీయండి, చదరం మీరే పరవండి. ఎన్ని వస్తే అన్ని రాద్దాం.