రెగ్యులేటర్‌కి చెయ్యి అందలేదు!

పోయిన వానాకాలంలో ఒక రాత్రి. పదిన్నర దాటింది. మా ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మ్యాచ్ చూస్తున్నారు. నేను పడుకోబోతున్నా. వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

‘‘అమ్మాయ్, గ్యాస్ వాసనొస్తోంది. నీకూ వస్తోందా?’’

వస్తోంది. స్టవ్ నాబ్‌లన్నీ కట్టేసే ఉన్నాయి. వాసన వెనక యుటిలిటీలోంచి. మా సిలిండర్ అక్కడే ఉంటుంది. రెగ్యులేటర్ ఆపేస్తే అయిపోయే పని. కానీ సిలిండర్ కనిపిస్తే కదా! ముందు బట్టలారేసే మడత స్టాండు, దాని వెనక పాతిక కిలోల బియ్యం బస్తా, బస్తా మీద టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, ఆ పైన కవర్ల మూట. సందులోంచి చెయ్యి దూరిస్తే మోచేతి దాకే వెళ్తోంది. ఏమీ కనపడటం లేదని అలవాటుగా లైటు స్విచ్ మీదకి వెళ్లింది నా చెయ్యి. అత్తయ్య ఆ చేతి మీద ఒక్కటిచ్చారు. ‘‘స్విచ్ ముట్టుకోకు!’’

మా ఆయన్ని లాక్కొచ్చా. చీకట్లోనే ఇద్దరం స్టాండు, బస్తా వంటింట్లోకి ఈడ్చి, రెగ్యులేటర్ ఆపేసరికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఆ రెండు మూడు నిమిషాలు ఎంత పొడుగో నన్నడగండి. కిటికీలన్నీ తెరిచి, ముగ్గురం మెట్ల దగ్గరికి వెళ్లాక 1906కి ఫోన్ చేశాం. గ్యాస్ లీకైతే చేయాల్సిన నంబర్ అది. మీ ఫోన్‌లో లేకపోతే ఇప్పుడే సేవ్ చేసుకోండి, ఆర్టికల్ ఎక్కడికీ పోదు.

వచ్చినతను చూసి చెప్పిన సంగతి ఇంకా సిగ్గుచేటు. మడత స్టాండు కాలు రోజూ ట్యూబ్ మీదే ఆనుతోందట. రెగ్యులేటర్ దగ్గర అది నలిగి నలిగి పగిలింది. పైగా ఆ సురక్ష ట్యూబ్‌ని అయిదేళ్లకోసారి మార్చాలి. మాది ఎప్పుడో దాటిపోయింది. ట్యూబ్ మీద సంవత్సరం అచ్చేసి ఉంటుంది. అది చదవాలన్నా ముందు ట్యూబ్ కనపడాలి కదా!

ఇంకో మాట. వంటగ్యాస్ గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. వాన జల్లు కొడుతోందని మేం ఆ రోజు అద్దాలు మూసేశాం. కింద ఇసుమంత ఖాళీ లేకుండా సామాను పేర్చాం. గ్యాస్‌కి బయటికి దారేది?

నిజం చెప్పేస్తా. అప్పటిదాకా నా మనసులో ఉన్న తీర్పు వేరు. మామయ్య పోయాక అత్తయ్య తెనాలి ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేశారు. ‘మీ అమ్మగారి సామాను వచ్చాకే వెనక్కి అడుగు పెట్టలేకపోతున్నాం’ అని మా ఆయనతో రెండుసార్లు అన్నా కూడా. ఆదివారం మొత్తం తెచ్చి హాల్లో పోశాం. అత్తయ్యవి తేలినవి నాలుగే. ఇత్తడి బిందె, రెండు పచ్చడి జాడీలు, చిన్న రోలు. మిగతాదంతా మాదే. వారంటీకి కావాలని దాచిన పదకొండు అట్టపెట్టెలు, పిడి విరిగిన మాప్‌లు రెండు, ఖాళీ లిక్విడ్ డబ్బాలు, కవర్లో కవరు, దాన్లో ఇంకో కవరు. అత్తయ్య ఏమీ అనలేదు. అంటే బావుండేది.

సరే, పని మొదలైంది. మా యుటిలిటీ వెడల్పు మూడున్నర అడుగులు, పొడవు ఏడు. నేను సేవ్ చేసుకున్న రీల్స్‌లో అయితే లాండ్రీ రూమ్ మా బెడ్‌రూమ్ అంత ఉంటుంది. అవన్నీ డిలీట్ చేసి టేపు పట్టుకున్నా.

మొదటి తప్పు మెషీన్ దగ్గరే దొరికింది. ఫ్రంట్ లోడ్ మెషీన్‌ని పొడుగు గోడకి ఆనించి పెట్టాం. దాని లోతు రెండు అడుగులు, వెనక పైపులకి నాలుగంగుళాలు. ఇక నడవడానికి మిగిలింది అడుగు చిల్లర. పీతలా పక్కకి నడవాలి. దాన్ని తిప్పి, చివరి గోడకి ఆనించి, ముఖం మా వైపు పెట్టించాం. ప్లంబర్ నీళ్ల పైపు కొంచెం పొడుగుది వేశాడు, అంతే ఖర్చు. ఇప్పుడు ముందంతా ఖాళీ. మెషీన్ పక్కన మిగిలిన అడుగున్నర సందులో చీపురు, మాప్, ఇస్త్రీ బల్ల నిలువుగా వేలాడుతున్నాయి. ఏదీ నేల మీద లేదు.

మెషీన్ ముందు జాగా ఎందుకు వదలాలో అప్పుడర్థమైంది. ఉతికాక తలుపు కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే రబ్బరు దగ్గర ముక్కవాసన. కింద మూలలో చిన్న మూత ఉంటుంది, అది ఫిల్టర్. మేం తీస్తే హెయిర్‌పిన్, రెండు రూపాయి నాణేలు, ఒక సాక్సు. అడుగున పెట్టెలు పేర్చిన ఇంట్లో ఎవరు తీస్తారు దాన్ని?

సిలిండర్ ఇప్పుడు రెండో చివర, వంటింటి తలుపు పక్కనే. మెషీన్ ప్లగ్‌కి దూరంగా. అందంగా ఉంటుంది, కబోర్డు చేయిద్దామన్నాడు కార్పెంటర్. వద్దన్నా. మూసిన పెట్టెలో గ్యాస్ చేరితే మళ్లీ అదే కథ.

అల్మరా ఒక్కటే, మెషీన్ పైన, ఎనిమిదంగుళాల లోతు. అంతకన్నా లోతైతే వెనక వస్తువులు కనపడవు, కనపడనివి మళ్లీ కొంటాం. సర్ఫ్ ప్యాకెట్లు మూడు అలాగే దొరికాయి. బట్టలకి సీలింగ్ హ్యాంగర్ బిగించాం, తాడు లాగితే పైకెళ్లిపోతుంది. నీళ్లు స్విచ్‌బోర్డు మీద కారకుండా చూసుకోవాలి. బియ్యం వంటింట్లోకి మార్చాం. తేమ, సబ్బు వాసన మధ్య ఉంచి తిండిగింజలు తిన్నది మేమే కదా.

ఒక బకెట్లో బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ యాసిడ్ పక్కపక్కనే ఉన్నాయి. అది చూసి ఒళ్లు జలదరించింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. పౌడర్ ఇక్కడి అల్మరాలో, యాసిడ్ బాత్రూమ్ పై గూట్లో పెట్టాం. ఎప్పటికీ కలవవు.

చివర్లో అత్తయ్య ఒక పరీక్ష పెట్టారు. లైటు ఆపి, ఒక్కొక్కరం లోపలికెళ్లి మూడు ముట్టుకుని రావాలి. గ్యాస్ రెగ్యులేటర్, నీళ్ల కుళాయి, మెషీన్ స్విచ్. మా ఆయన మోకాలికి బకెట్ తగిలింది. ‘‘ఆ బకెట్ కూడా తగిలించండ్రా’’ అన్నారావిడ. తగిలించాం.

రోలు బాల్కనీలో తులసి పక్కన పెట్టాం. జాడీలు వంటింటి గూట్లోకి వెళ్లాయి. ‘‘బిందె ఎవరికైనా ఇచ్చేద్దామమ్మా, జాగా తింటోంది’’ అన్నారు అత్తయ్య, నా ముఖం చూడకుండా. ‘‘వద్దత్తయ్యా, దానికి పనుంది’’ అన్నా. అది ఇప్పుడు అల్మరా చివర ఉంది. ఇంట్లో కవర్లు దాన్లో పట్టినన్నే ఉండాలని రూలు.

నిన్న సాయంత్రం కూరగాయలు తెచ్చి కవరు మడతపెడుతుంటే వెనకనుంచి వినపడింది.

‘‘అమ్మాయ్, బిందె నిండింది.’’