హాజరుపట్టీలో కులం

పిల్లల తెలివికి కులం లేదు. తరగతి గదికి ఉంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లోని బాలుర చేత చిక్కుదారుల పజిళ్లు చేయించి, 2004లో ఫలితాలు వెల్లడించారు. కులం ఎత్తనప్పుడు దళిత, అగ్రకుల బాలురు సమానంగా నిలిచారు. అందరి ఎదుటా కులం చదివి వినిపించగానే దళిత బాలురు వెనుకబడ్డారు. అమెరికాలో నల్లజాతి విద్యార్థుల విషయంలో మనస్తత్వవేత్తలు స్టీల్, ఆరన్సన్ 1995లో చూపిందీ ఇటువంటిదే.

నెల్లూరు తీరాన యానాదులపై పుట్టుకతోనే నేరముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. అనుమానం మాత్రం రద్దు కాలేదు. రొయ్యల గుంటల కాపలాదారు బిడ్డను బడిలో కులం పేరుతో పిలిచిన ప్రతిసారీ ఆ ప్రయోగం పునరావృతమవుతోంది. ఉపకారవేతనాల జాబితాను తరగతిలో కులాలవారీగా బిగ్గరగా చదవడం మానాలి. ఆ వివరాలను ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక్కొక్కరినే అడిగి రాసుకోవచ్చు. ఇందుకు జీవో అక్కరలేదు.