మెట్ట పెరటికి నీటికొలతయే తోటకొలత

మైలవరము కృష్ణానదికి మిక్కిలి దూరమైన సీమ కాదు. బెజవాడకడ 1855లో ఆనకట్ట ముగిసినది మొదలు దిగువ డెల్టాగ్రామములు కాలువనీటితో వర్ధిల్లినవి. 1957 నుండి ఆ ఆనకట్టకు బదులు ప్రకాశం బ్యారేజి ఆ పని చేయుచున్నది. అయినను ఆ కాలువల నీరు మన మెట్టకు ఎక్కి రాదు. మనకు చెరువు, బావి, బోరు దిక్కు. కొన్ని పల్లెలకు నాగార్జునసాగరు ఎడమకాలువ కడపటి నీరు కొంత అందును. వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరు దినములు గలవు. బావులలో నీరు క్రిందికి దిగునది, అంగడిలో కూరగాయల ధర పైకెక్కునది ఆ దినములలోనే.

"ఈ ఎండకు పెరడేమి నిలుచును?" అని పలువురు నిరాశపడి, ఉన్న స్థలమును కంపకు విడిచిపెట్టుచున్నారు. మేము చెప్పబోవునది ఇది: పెరడు ఎండిపోవుటకు ఎండ యొక్కటియే కారణము కాదు. నీటిని కొలువక మడులు వేయుట అంతకు మించిన కారణము. కావున విత్తు కొనుటకు ముందు నీరు కొలువవలెను.

ముందు నీటి లెక్క

మే మాసపు ఎండలో చక్కగా ఆకు క్రమ్మిన కూరమడి, ఒక చదరపు మీటరునకు దినమునకు ఏడెనిమిది లీటర్ల నీరు త్రాగును. ఒక సెంటు అనగా సుమారు 40 చదరపు మీటర్లు. సెంటు మడికి దినమునకు 300 లీటర్లు, అనగా పదునైదు లీటర్ల బిందెలు ఇరువది కావలెను. ఇంత నీరు వేసవిలో ఎన్ని ఇండ్లకు గలదు?

ఐదుగురున్న యింట స్నానముల నీరు మనిషికి 20 లీటర్ల చొప్పున 100 లీటర్లు, గిన్నెలు కడిగిన నీరు 20, 30 లీటర్లు వచ్చును. బావినీరు ముట్టకుండ దొరకునది ఇంతియే. ఇది పదునైదు చదరపు మీటర్ల మడికి చాలును. నీడ, ఆకుకప్పు అమర్చినచో అరసెంటు దాక సాగదీయవచ్చును. అంతకు మించి వేసవిలో వేయవలదు. నీరు మోయునది తరచుగా ఇంటి ఆడువారు. మడి రెండు చదరపు మీటర్లు పెరిగినచో వారి చంకకు దినమునకొక బిందె పెరుగునని ఇంటి యజమాని మరువరాదు.

సబ్బునీటిలో నేలను చెరుపు ఉప్పు లుండును. కావున ఆ నీటిని ఒకేచోట పోయక, పండ్లచెట్లకు, మునగకు, కరివేపాకునకు మార్చి మార్చి పోయవలెను. పచ్చిగా తిను ఆకులకు, దోసకు మంచినీరే పోయవలెను. బట్టల సోడానీరు తోటకు పనికిరాదు.

పల్లపు మడి, పాతిన కుండ

డెల్టావారు వానకాలమున నీరు నిలువకుండ మడిని ఎత్తు చేయుదురు. అది వారికి తగినది. వేసవిలో మెట్టవారు దానికి వ్యతిరేకముగా చేయవలెను. మడిని నేలమట్టమునకు జానెడు పల్లముగా త్రవ్వి, ఆ మట్టితో చుట్టు గట్టు వేసి, అడుగున బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పోసిన నీరు ప్రక్కలకు పారక వేళ్లయొద్దనే యింకును. గట్టు గాలిని కొంత అడ్డును. అమెరికాలో న్యూమెక్సికో ఎండుభూముల యందలి జూనీ జాతి స్త్రీలు ఈ విధముననే గట్లు కట్టిన చిన్న చిన్న గళ్లలో కూరలు పెంచుచు వచ్చిరి. వానలు పడిన వెంటనే ఈ మడికి ఒకవైపు గండి కొట్టవలెను. లేనిచో వేళ్లు కుళ్లును.

బీర, కాకర, దోస వంటి తీగలకు కుండపద్ధతి మేలు. ఆరేడు లీటర్లు పట్టు క్రొత్త మట్టికుండను మెడ దాక పాతి, నీరు నింపి, మూత పెట్టి, చుట్టును నాలుగు విత్తులు నాటవలెను. చుట్టుపట్టు మట్టి ఆరినకొలది కుండ చెమర్చును. మట్టి తడిగా నున్నప్పుడు చెమ్మ తగ్గును. మొక్క తనకు వలసినంతయే తీసికొనును, పైనేల పొడిగా నుండుటచే కలుపును తక్కువ. రెండు మూడు దినముల కొకసారి నింపిన చాలును. రంగు పూసిన కుండ, నూనె పట్టిన పాతకుండ చెమర్పవు. మూత లేనిచో దోమలు పుట్టును. ఇది క్రొత్త యుపాయము కాదు. చైనాదేశమున క్రీస్తుపూర్వము ఒకటవ శతాబ్దిలో ఫాన్ షెంగ్‌చి వ్రాసిన వ్యవసాయ గ్రంథమున ఇది వర్ణింపబడినది. మన దేశమున కర్నాలులోని చౌడునేలల పరిశోధన సంస్థవారు 1970 తరువాతి సంవత్సరములలో దీనిని పరీక్షించిరి.

మడిపై మూడంగుళముల మందమున ఎండుటాకు, వరిగడ్డి, వేరుసెనగ పొట్టు కప్పవలెను. కప్పు కాండమునకు తగులకుండ నాలుగు వ్రేళ్లు ఎడమ విడువవలెను. మన ఎఱ్ఱనేలలలో చెదల బెడద గలదు గనుక వారమున కొకసారి కప్పు ఎత్తి చూచుచు, క్రింద వేపపిండి చల్లుట మంచిది. దినదినము పైపైన తడుపుటకంటె, రెండు దినముల కొకసారి సాయంకాలమున లోతుగా తడుపుట మేలు. పైతడి వేళ్లను పైకి పిలుచును. పైకి వచ్చిన వేరును రోహిణికార్తె దహించును.

పడమటి ఎండ

ఉదయపు ఎండ మొక్కకు ఆహారము. రెండుజాములు దాటిన తరువాత పడమటినుండి వచ్చు ఎండ, వడగాడ్పు దానికి శత్రువులు. మడికి పడమట తాటాకు తడక కట్టవలెను. శాశ్వతముగా మునగ, అవిసె వరుసగా నాటినచో అవియే తడకయగును, కూరయు నిచ్చును. వసతి గలవారు సగము ఎండ ఆపు నీడవలను పందిరిగా వేయవచ్చును.

ఏ కాలమున ఏ విత్తు

వేసవిపంటకు విత్తు వేసవిలో వేయరాదు. సంక్రాంతి మొదలు శివరాత్రి లోపల బెండ, గోరుచిక్కుడు, దోస, బీర, గోంగూర, తోటకూర వేసినచో, రోహిణి నాటికి వేరు లోతునకు దిగి యుండును. టమాటా పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు చల్లబడనిచో పుప్పొడి చెడి పూత రాల్చును. ఎరువు వేసినను, నీరు పోసినను అది మానదు. కావున దానిని వానకాలపు చివర నాటి, చలిదినములలో కోసికొనవలెను. క్యాబేజి, ముల్లంగి యును అట్టివే. పాదుచిక్కుడు ఆషాఢమున పెట్టినను, ప్రొద్దు కుఱచయైనప్పుడే పూచును. అంతవరకు పూయలేదని దానిని పీకివేయరాదు.

పండ్లచెట్లు

పెరటికి రెండు మూడు చెట్లు చాలును. రేగు వేసవిలో ఆకు రాల్చి నిద్రించును గనుక, నీరు కరవైన నెలలలోనే దానికి నీటి పని తక్కువ. జోధ్‌పూరులో 1959లో ఏర్పడిన కేంద్ర ఎడారిమండల పరిశోధన సంస్థవారు అంటు రేగును ఎండుభూములలో వ్యాప్తి చేసిరి. సీతాఫలమును ఆకురాల్చి ఎండను దాటును. జామ కొంత ఓర్చును. నిమ్మకు మాత్రము వేసవినీరు తప్పదు. ఎదుగు నిమ్మమొక్క ఒక్కవారము మరచినను దక్కక పోవచ్చును. నిమ్మకు మొదట చిన్నకట్ట, దాని వెలుపల పెద్దకట్ట వేసి, రెంటి నడుమ మాత్రమే నీరు పోయవలెను. మొదలు తడిసినచో బెరడు కుళ్లును. అరటిని విస్తారముగా నీరున్నవారికి విడుచుట మంచిది.

గోతులు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతున వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, మృగశిర దాటి నేల తడిసిన తరువాత అంట్లు నాటవలెను.

వాననీరు

మన ప్రాంతపు కొండలనుండి దిగు బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచినది. అట్టి నీటిసీమలోనే మే నెలలో బిందె నీటికి వెదకుచున్నాము. ఆరు మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు గల యింటికప్పుపై 25 మిల్లీమీటర్ల వాన పడినచో 1,500 లీటర్లు జారును. దానిని వీధిలోనికి పోనీయక, చెట్లకు నాలుగైదడుగుల దూరమున రాళ్లు నింపిన ఇంకుడుగుంటలోనికి మరల్చినచో, అడుగునేల చెమ్మ మరి కొన్నాళ్లు నిలుచును.

సంఘము చేయదగిన పని

ఒక్కడు పది కుండలు కొనుటకంటె ఇరువదిమంది సభ్యులు కలసి కుమ్మరికి ఒకేసారి చెప్పినచో ధర తగ్గును. విత్తులు, వేపపిండి, అంట్లు అట్లే తెప్పించుకొనవచ్చును. సందేహములకు గరికపాడు కృషివిజ్ఞానకేంద్రమును, మామిడి విషయమున నూజివీడు పరిశోధనాస్థానమును అడుగవచ్చును.

రైతుసోదరులారా! మూడు దినములపాటు మీ యింటి వాడుకనీటిని బిందెలతో కొలిచి వ్రాసికొనుడు. బిందెకు రెండు చదరపు మీటర్ల చొప్పున త్రాడు పట్టి మడి గీయుడు. ఆ గీత దాటకున్నచో, జ్యేష్ఠములో మీ పెరట బెండ కోయవచ్చునని మా నమ్మకము.