గ్రంథసూచిలో వెదకుట: విజ్ఞానము, మతము

విజ్ఞానశాస్త్రమునకును మతమునకును గల సంబంధమును గూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని ఉపాధ్యాయుడు ఒక విద్యార్థిని కోరెననుకొందము. విద్యార్థి గ్రంథాలయమునకు పోయి విజ్ఞానశాస్త్రపు బీరువాలు వెదకును. అచ్చట భౌతిక, రసాయన, జీవశాస్త్ర గ్రంథములుండును గాని తనకు కావలసినది కానరాదు. మతగ్రంథముల బీరువాలలో పురాణములు, భాష్యములు, మహాపురుషుల చరిత్రలు కనబడును. అతడు వట్టిచేతులతో మరలి వచ్చును. పుస్తకములు లేక కాదు. అవి ఎచ్చట ఉన్నవో తెలియక.

దీనికి కారణము స్పష్టము. ఒక పుస్తకము బీరువాలో ఒక్కచోటనే ఉండగలదు. విషయము రెండు శాఖలకు చెందినదైనప్పుడు ఏదో ఒక వైపున ఉంచక తప్పదు. ఈ కొరతను తీర్చునది గ్రంథసూచి, అనగా కాటలాగు. అందు ఒకే పుస్తకమునకు ఎన్ని కార్డులైనను వ్రాయవచ్చును. కర్త పేరు, గ్రంథము పేరు, విషయము - ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలిసినను పుస్తకము దొరకవలెనని ఛార్లెస్ కట్టర్ అను అమెరికను గ్రంథాలయాధికారి 1876లో నియమము చేసెను.

అదే సంవత్సరమున మెల్విల్ డ్యూయీ తన దశాంశ వర్గీకరణమును ప్రకటించెను. ఇందు మతమునకు 200, ప్రకృతి శాస్త్రములకు 500 అంకెలు. మన విద్యార్థికి కావలసిన గ్రంథములు పెక్కు 215 అను అంకె క్రింద ఉండును. ఇది మతతత్త్వ విచారమునకు చెందిన 210లోని ఉపవిభాగము. కాని అన్నియు అచ్చటనే ఉండవు. క్రైస్తవమునకు విజ్ఞానముతో గల సంబంధమును చెప్పు పుస్తకము 261.55లో చేరును. బౌద్ధమునకు 294.3, హిందూమతమునకు 294.5, ఇస్లామునకు 297 చూడవలెను. విజ్ఞానశాస్త్ర చరిత్ర 509లోను, పరిణామవాదము 576.8లోను ఉండును. పాత ముద్రణలను అనుసరించు గ్రంథాలయములలో పరిణామవాదము 575లో దొరకును. కావున ఒకే విషయమునకై అయిదారు బీరువాల దగ్గరకు పోవలసి వచ్చును.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన ఎస్. ఆర్. రంగనాథన్ ఈ చిక్కును మరియొక విధముగా ఎదుర్కొనెను. 1933లో ఆయన వెలువరించిన కోలన్ వర్గీకరణములో మతమునకు క్యూ అను అక్షరము గుర్తు. రెండు విషయములు కలిసినప్పుడు వాటి సంబంధము ఎట్టిదో కూడ గుర్తులో తెలియవలెనని ఆయన భావించెను. రెండింటిని పోల్చుట ఒకటి. వాటి భేదమును చెప్పుట ఒకటి. ఒకటి మరియొకదానిపై చూపిన ప్రభావమును వివరించుట వేరొకటి. ఈ వివేచన వ్యాసము వ్రాయువానికి కూడ ఉపకరించును. తాను వెదకునది వీనిలో ఏదో ముందుగా నిశ్చయించుకొనవలెను.

గ్రంథము పేరును మాత్రమే నమ్మి వెదకుట ప్రమాదకరము. రసాయన శాస్త్రజ్ఞుడైన జాన్ విలియం డ్రేపర్ 1874లో మత విజ్ఞానముల సంఘర్షణ చరిత్రను వ్రాసెను. దాని పేరులో రెండు మాటలును ఉన్నవి. 1896లో ఆండ్రూ డిక్సన్ వైట్ ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథపు పేరులో 'రెలిజియన్' అను మాట లేదు; 'థియాలజీ' అని ఉన్నది. 1925 నాటి వైట్‌హెడ్ గ్రంథము పేరు 'సైన్స్ అండ్ ది మోడరన్ వరల్డ్'. అందు మతమును గూర్చి ఒక పూర్తి అధ్యాయమున్నను పేరు చూచి దానిని కనిపెట్టలేము.

ఇది కేవలము శ్రమకు సంబంధించిన విషయము కాదు. డ్రేపర్, వైట్ గ్రంథములు మాత్రమే చేతికి వచ్చినవాడు, ఈ రెండింటికి మధ్య ఎల్లప్పుడు యుద్ధమే జరిగినదని తలచును. 1991లో జాన్ హెడ్లీ బ్రూక్ వ్రాసిన చరిత్రను కూడ చదివినవాడు, ఆ సంబంధము కాలమును బట్టి, దేశమును బట్టి పలువిధములుగా ఉండెనని గ్రహించును. వెదకుటలోని లోపము తీర్పులోని లోపమగును.

అందువలన విషయ శీర్షికలను ఆశ్రయించవలెను. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ విషయమునకు 'రెలిజియన్ అండ్ సైన్స్' అను శీర్షికను స్థిరపరచినది. మాటలను తారుమారు చేసి వెదకువానిని సూచియే సరియైన శీర్షికకు పంపును. ఒక మంచి పుస్తకము దొరికినచో, దాని కార్డుపై గల శీర్షికలను వ్రాసికొని వాటితో మరల వెదకవలెను. ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించుట వంటిది ఇది.

నేడు పెక్కు గ్రంథాలయములలో కార్డుల స్థానమున కంప్యూటరు వచ్చినది. 'విజ్ఞానము', 'మతము' అను రెండు మాటలును ఉండవలెనన్నచో ఫలితములు తగ్గును. 'మతము' లేక 'ధర్మము' అన్నచో పెరుగును. తెలుగులో వెదకునపుడు మరింత జాగ్రత్త అవసరము. 'శాస్త్రము' అని మాత్రమే అడిగినచో ధర్మశాస్త్రము, వాస్తుశాస్త్రము కూడ వచ్చి కూర్చుండును. యంత్రము అక్షరములను పోల్చును గాని అర్థమును విచారింపదు. ఆ పని వెదకువానిదే.

విజ్ఞానమునకు, మతమునకు గల సంబంధము ఎట్టిదో గ్రంథసూచి చెప్పదు. దానిని గూర్చి ఎవరెవరు ఏమి వ్రాసిరో, ఆ గ్రంథములు ఎచ్చట ఉన్నవో మాత్రము చూపును. ఉపాధ్యాయుడు వ్యాసమునకు విషయమిచ్చుటతోపాటు విద్యార్థిని ఒకసారి గ్రంథసూచి వద్దకు తీసికొనిపోయినచో, పరస్పర విరుద్ధములైన రెండు గ్రంథములైనను అతని చేతికి వచ్చును. స్వతంత్రముగా ఆలోచించుట అచ్చటనే ప్రారంభమగును.