పోతయినుప రేడియేటరుతో ఇంజనును చల్లార్చుట

ఇంగ్లండువంటి శీతల దేశములలో గదులను వెచ్చచేయుటకు పోతయినుప రేడియేటరులను గోడల ప్రక్కన నిలుపుదురు. అవి ఒకే తీరున పోసిన బోలు ఖండములను వరుసగా బిగించి చేసినవి. వేడినీరు గొట్టముల ద్వారా వానిలోనికి వచ్చి, తన వేడిమిని గదికి విడిచి మరలి పోవును. పాత కట్టడములను పడగొట్టునప్పుడు మిగిలిన యిట్టి రేడియేటరులను అచటి యంత్రాభిమానులు కొందఱు తెచ్చి, ఒకేచోట నిలిచి పనిచేయు ఆయిలింజనులను చల్లార్చుటకు వాడుదురు. గదిని వెచ్చచేయు వస్తువు ఇంజనును చల్లార్చుట యెట్లు?

ఇంజనులో కాలిన నూనె వేడిమిలో సుమారు మూడవవంతు మాత్రమే పనిగా మాఱును. ఇంచుమించు మఱియొక మూడవవంతు పొగతో పోవును. తక్కినదానిలో పెద్దపాలు సిలిండరు చుట్టునుండు నీటిలో చేరును. దానిని తొలగింపకున్న కందెన పలుచబడి, పిస్టను వ్యాకోచించి బిగిసికొని, ఇంజను చెడును. రేడియేటరు ఈ వేడిమిని నశింపజేయదు. నీటినుండి గాలికి అప్పగించును.

ఇందుకు పంపు లేకున్నను నీరు తిరుగును. ఒక లీటరు నీరు 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 983 గ్రాములును, 80 డిగ్రీల వద్ద 972 గ్రాములును తూగును. ఈ 11 గ్రాముల భేదమే నీటిని నడపును. తేలికయైన వేడినీరు పైకి లేచి రేడియేటరు తలభాగమున ప్రవేశించును. చల్లబడి బరువెక్కి, అడుగునుండి ఇంజనునకు మరలివచ్చును. కావున రేడియేటరు నడిభాగము సిలిండరుకంటె ఎత్తున నుండవలెను. గొట్టములు వెడల్పైనవిగా నుండవలెను. పైగొట్టము ఎడతెగక మీదికే ఏటవాలుగా పోవలెను. నడుమ వంపున్నచో గాలి నిలిచి ప్రవాహ మాగును.

ఇక లెక్క చూతము. లిస్టరు కంపెనీవారు 1929లో డర్స్‌లీ పట్టణమున ప్రారంభించిన తరగతిలో 6 అశ్వశక్తుల ఇంజను ఒకటి కలదు. నిండు బరువుతో అది చేయు పని సుమారు 4,500 వాట్లు. ఇంచుమించు అంతే వేడిమి నీటిలో చేరునని యెంచుదము. నీటికిని గాలికిని 50 డిగ్రీల భేదమున్నప్పుడు ఒక్కొక్క ఖండము 100 వాట్లు విడుచుననుకొన్నచో 45 ఖండములు కావలెను. లిస్టరు తీరు ఇంజనులు మన దేశమున రాజకోటలోను తయారైనవి. అట్టి ఇంజనును మన వేసవిలో 40 డిగ్రీల గాలిలో నడిపినచో, 80 డిగ్రీల నీటికి భేదము 40 మాత్రమే. అప్పుడు ఒక్కొక్క ఖండము 80 వాట్లు కూడ ఈయజాలదు. సుమారు 60 ఖండములు కావలసివచ్చును. పది పండ్రెండు ఖండముల పాత రేడియేటరు చిన్న బరువులకే చాలును. పెద్ద బరువునకు నీటితొట్టియో విసనకఱ్ఱ యంత్రమో తోడు కావలెను. మన పొలములలో పంపు తోడిన నీటినే కొంత ఇంజను గుండ పోనిచ్చుట యిందుచేతనే సులభోపాయము.

కొన్ని జాగ్రత్తలు మఱువరాదు. పాత రేడియేటరులోని త్రుప్పు బురదను చక్కగా కడిగివేయవలెను. లేకున్న అది సిలిండరు చుట్టు పేరుకొనును. అన్నిటికంటె ఎత్తున, మూత బిగింపని చిన్న తొట్టి నుంచవలెను. ఆవిరికి దారి మూసినచో ఒత్తిడి హెచ్చి ప్రాణాపాయము కలుగును. మిక్కిలి కాగిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీరు పోసిన పోతయినుము చిట్లును.

విద్యార్థులారా! పాత వస్తువును క్రొత్త పనికి వినియోగించుట మెచ్చదగినదే. కాని యెంత వేడిమి పుట్టును, ఎంత పోవును అను రెండు లెక్కలను ముందుగా వేసి, పిదప గొట్టములు బిగింపవలెను.