గంజాం అంటే ఒరిస్సా ఒకటే కాదు

డర్బన్ నుంచి ఒకాయన నాకు ఓ కాయితం పంపినాడు. వాళ్ల ముత్తాత ఓడెక్కినప్పటి రాత. జిల్లా గంజాం అనున్నాది. పాపం, రెండేళ్లు బరంపురం చుట్టూ ఎతికినాడట! తాలూకా దగ్గర సూస్తే 'చికాకోల్'. అదేటి? మన శ్రీకాకుళమే.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాంలోవే. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950లో.

1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా మొత్తం లక్షన్నర మంది కూలీలు నేటాల్ పోయినారు, ఎక్కువమంది చెరుకు తోటలకే. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసుకున్నారు. గుమస్తా చెవికెలా వినబడితే అలా! ఇంటిపేరు మాత్రం చాలాసార్లు ఉండదు.

ఆ రాతల చిక్కు విప్పాలంటే 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్, 1907 నాటి విశాఖ గెజిటీరు తిరగెయ్యాల. జమీందార్లు, శిస్తులు, కరువులు అన్నీ ఉంటాయి. మన తాతల పేర్లుండవు, అది వేరే మాట. కానీ పాత తాలూకాలు, పాత స్పెల్లింగులు దొరుకుతాయి. ఆ తర్వాత ఊళ్లోకెళ్లి ముసలోళ్లని అడగాల. ఇంటిపేరు చెప్పేది ఆళ్లే.

ఆ కాయితంలో ఊరి పేరు సగం చెరిగిపోయింది. చివర 'వలస' అన్నదొక్కటే కనబడతన్నాది. మనవైపు వలసలెన్నో మీకు తెలుసు కదా తమ్ముళ్లూ! పాత తాలూకా పటం ముందేసుకుని ఒక్కోటీ కొట్టేసుకుంటూ వస్తన్నాను.